చెక్ ట్రే

హెడ్డాఫీసు నుంచి ఫారం వచ్చింది.
నెలకోసారి, ఒక్కొక్కరితో, నలభై అయిదు నిమిషాలు.
అయిదు గళ్ళు:
లక్ష్యం, ప్రస్తుత స్థితి, మార్గాలు, సంకల్పం, తేదీ.
దీవెన రాకముందే నాలుగు గళ్ళు నేనే నింపేశాను.
ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు మరి,
పిల్ల ముఖం చూస్తే తెలీదా ఏం కావాలో!

ఆకివీడు ల్యాబులో, ఏసీ గదిలో,
బల్లకి అటు తను, ఇటు నేను.
రైతుతో మాట్లాడే తీరు చెప్పాను,
అమ్మోనియా సంగతి చెప్పాను,
టైగర్ రొయ్యల కాలంలో
వైట్ స్పాట్ ఊళ్ళకి ఊళ్ళు ఊడ్చేసినప్పుడు
నేనెలా నిలబడ్డానో
అదైతే రెండుసార్లు చెప్పాను.
తను తలూపింది, రాసుకుంది.
"సందేహాలేమైనా?" అన్నాను గడియారం చూస్తూ.
"లేవు సార్."
సంతకాలు పెట్టేసుకున్నాం.

సోమవారం కాళ్ళ నుంచి రైతు ఫోను:
"మీ అమ్మాయి గట్టుమీద కాగితం పెట్టి
స్కూటీ ఎక్కేసిందయ్యా!
చెరువు బతుకుద్దో చస్తదో చెప్పాలా వద్దా?"

పరిగెత్తాను.
చెక్క పలక మీద నిలబడి మేతకుర్రాడు పోలరాజు
తాడు పట్టి ట్రే పైకి లాగుతున్నాడు.
పొద్దుట వేసిన మేత వేసినట్టే ఉంది.
"మేత ఎవడైనా వేస్తాడు సార్.
రెండు గంటలాగి ఇది ఎత్తి చూడ్డమే పని.
తినలేదంటే తగ్గించాలి,
ఇంకా కుమ్మరిస్తే అడుగున కుళ్ళుద్ది."
నీళ్ళు కారుతున్న ఆ వల మీద
నా నలభై అయిదు నిమిషాలు
నాని, ఉబ్బి, ముట్టనట్టుగా కనిపించాయి.

రెండోసారి ఫారం బండి డిక్కీలోనే వదిలేశాను.
చెరువు గట్టున రెండు మేత బస్తాలు,
ఎదురెదురుగా కాదు, పక్కపక్కన,
ఇద్దరం నీళ్ళకేసి చూస్తూ.
"మనం లేచేసరికి నీకేం తేలాలి?"
ఒక్కటే అడిగాను.
తను పలకలేదు.
నా దగ్గర మూడు జవాబులు సిద్ధంగా ఉన్నాయి,
పంటి కింద పెట్టి నొక్కాను.
అంతలో కరెంటు పోయింది. ఏరేటర్లు ఆగాయి.
జనరేటర్ అందుకునేలోపు
రొయ్యకి ఊపిరాడని ఆ కాస్త నిశ్శబ్దంలో
దీవెనకి గొంతు పెగిలింది.

"మా నాన్న కౌలు చెరువు పోయిన రోజు
ఎవడో వచ్చి, బండి దిగకుండానే
'మొత్తం పట్టేయండి' అని చెప్పెళ్ళాడు సార్.
వాడిలా చెప్పకూడదనుకున్నాను.
ఏమీ చెప్పకుండా, బండెక్కేసి,
వాడినే అయిపోతున్నాను."

నా ఫారంలో ఆ చోట
"ధైర్యం పెంచుకోవాలి" అని ఉంది,
నా దస్తూరీలో.

"చెప్పగలిగిన రోజు ఒక్కటైనా ఉందా?"
చాలాసేపు ఆలోచించింది.
"ఏలూరుపాడులో మంతెనవారి పెద్దాయన...
ప్లేటు ఆయన చేతికే ఇచ్చాను.
పచ్చ చుక్కలు మీరే లెక్కపెట్టండి అన్నాను.
నలభై దాకా లెక్కపెట్టి ఆగిపోయారు.
నీళ్ళు మార్చనా అమ్మా అని ఆయనే అడిగారు."
అక్కడ ఆగింది. నేనూ ఊరుకున్నాను.
నావైపు తిరిగి, "అంటే సార్..." అని నవ్వింది.
"నేనేమీ అనలేదు."

"ప్రయత్నిస్తాను" అంది లేవబోతూ.
"ఆ ప్రయత్నం ఎన్నింటికి?"
"మంగళవారం. ఆరున్నరకి. కాళ్ళ, మూడో చెరువు.
ప్లేటు నేనే తీసుకెళ్తాను."
డిక్కీలోంచి ఫారం తెచ్చి
నా రాతలన్నీ కొట్టేశాను.
ఆఖరి గడి తన పెన్నుతో తనే రాసింది.

హెల్మెట్ పెట్టుకుంటూ అడిగింది:
"మీతో ఎవరు కూర్చుంటారు సార్, ఇలా?"
జనరేటర్ మోతలో
వినపడనట్టు ఊరుకున్నాను.

మంగళవారం ఎనిమిదింటికి ఫోను.
"తిట్టాడు సార్. నిలబడే ఉన్నాను.
లెక్కపెట్టాక ఇంకా తిట్టాడు.
తర్వాత టీ పోయించాడు."
నాలుక చివరికి టైగర్ రొయ్యల కాలం వచ్చేసింది.
సగం చెప్పాక ఆపాను.